కత్తెర కింద పెరిగే పచ్చదనం

రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం వైపు జాతీయ రహదారి మీద వెళ్తుంటే వేమగిరి దగ్గర్నుంచి వరిచేలు తగ్గి మొక్కల మడులు మొదలవుతాయి. కడియపులంక వచ్చేసరికి రోడ్డుకు రెండు పక్కలా కుండీలు, కవర్లు, వాటి మీద పరిచిన షేడ్‌నెట్ తప్ప ఇంకేమీ కనిపించదు. గుండ్రంగా కత్తిరించిన ఫైకస్‌లు, అంతస్తులుగా తీర్చిన గొడుగు మొక్కలు, తీగ చట్రానికి ఎక్కించి ఏనుగుగానో నెమలిగానో మలిచిన పొదలు వరసగా నిలబడి ఉంటాయి. కొత్త సంవత్సరం వచ్చిందంటే ఇక్కడి నర్సరీలవాళ్లు వేల మొక్కలను నేల మీద పేర్చి శుభాకాంక్షలు రాస్తారు. ఆకు రంగే అక్షరం. కడియం, కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక, వేమగిరి, జేగురుపాడు ఊళ్లలో ఈ పని కొన్ని తరాలుగా సాగుతోంది. శ్రీ సత్యనారాయణ నర్సరీని పెంచి పెద్దచేసిన పల్లా వెంకన్న లాంటివాళ్ల వల్ల కడియం మొక్క పేరు రాష్ట్రాలు దాటింది.

ఈ నర్సరీలకు వచ్చేవాళ్ల చేతిలో ఇప్పుడు ఫోను ఉంటుంది. అందులో ఫొటో ఉంటుంది. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో స్థిరపడిన అబ్బాయి ఇంటి ముందు, మెట్లకు అటూ ఇటూ, చిన్న చిన్న ఆకులతో ఒత్తుగా, గీత గీసినట్టు కత్తిరించిన పొదలు. ‘ఇలాంటిదే మన గేటు దగ్గర పెట్టాలండీ’ అని అడుగుతారు. ఆ పొద పేరు బాక్స్‌వుడ్. శాస్త్రవేత్తలు బక్సస్ అంటారు. మంచు కురిసే దేశాల్లో ఏడాది పొడుగునా ఆకు రాల్చకుండా పచ్చగా నిలిచే కొద్ది పొదల్లో అదొకటి. అడిగినవాళ్ల కోరికలో తప్పేమీ లేదు. ఇంటి ముందు పచ్చటి అంచు ఉంటే కంటికి హాయి. అయితే గోదావరి డెల్టాలో ఆ అంచు దేనితో కట్టాలి, ఎలా కట్టాలి అన్నది వేరే లెక్క.

చలి దేశపు పొద

బాక్స్‌వుడ్ పుట్టిల్లు దక్షిణ ఐరోపా, ఉత్తర ఆఫ్రికా, కాకసస్ కొండలు. దాని చుట్టాలు చైనా, జపాన్, కొరియాలలో ఉన్నాయి. మన హిమాలయాల్లోనూ ఒక రకం ఉంది. రెండు వేల ఏళ్ల కిందటే రోమనులు దాన్ని కత్తిరించి జంతువుల ఆకారాలు చేయించేవారని ప్లినీ చిన్నవాడు తన ఉత్తరంలో రాశాడు. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజోద్యానానికి ముగ్గులాంటి అంచులు గీయడానికి వాడింది ఈ పొదనే. దాని కర్ర ఎంత చిక్కనిదంటే నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. ఫొటోలు అచ్చు వేయడం తెలియని కాలంలో ఇంగ్లండు పుస్తకాల్లో చాలా బొమ్మలు బాక్స్‌వుడ్ దిమ్మల మీద చెక్కి అచ్చు వేసినవే.

దాని బలం, బలహీనత రెండూ నిదానమే. ఏడాదికి కొద్ది అంగుళాలు మాత్రమే పెరుగుతుంది. అందుకే ఒకసారి కత్తిరించిన ఆకారం నెలల తరబడి చెదరదు. చలికాలంలో నిద్రపోవడం దానికి అలవాటు. ఎండ ముదిరినా, వేళ్ల దగ్గర నీరు నిలిచినా ఓర్చుకోదు.

ఇప్పుడు మన నేల చూడండి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852కి పూర్తయ్యాక కాలవల నీళ్లు పారి డెల్టా మాగాణి అయింది. బరువైన ఒండ్రు నేల, అడుగు తవ్వితే తేమ, వానాకాలంలో వారాల తరబడి చెమ్మ. వేసవిలో రాజమహేంద్రవరం 45 డిగ్రీలను తాకుతుంది. చలికాలం అనేది పేరుకే. నీడపట్టున, కుండీలో, ఎంతో జాగ్రత్తగా చూస్తే బాక్స్‌వుడ్ కొన్నాళ్లు నిలవవచ్చు. గేటు నుంచి గుమ్మం దాకా కంచెగా వేస్తే మాత్రం రోహిణి కార్తెకే ఆకు మాడుతుంది, బతికినవాటి వేళ్లు శ్రావణంలో కుళ్లుతాయి. దీన్ని ఇక్కడ కంచెకు పెట్టవద్దని నా గట్టి సలహా.

పైగా ఆ దేశాల్లోనే ఇప్పుడు అది కష్టకాలంలో ఉంది. 1990ల మధ్యలో ఇంగ్లండులో ఒక శిలీంధ్రపు తెగులు బయటపడింది. తడి తగిలితే చాలు, ఆకులన్నీ రోజుల్లో రాలి కొమ్మలు మోడుగా మిగులుతాయి. దాని వెనకే తూర్పు ఆసియా నుంచి ఒక రెక్కల పురుగు వచ్చింది. 2007లో జర్మనీలో కనిపించింది. దాని గొంగళి పొద మొత్తాన్ని గీకి తినేస్తుంది. రష్యాలోని సోచీలో 2014 శీతాకాల ఒలింపిక్స్ కోసం ముస్తాబు చేస్తూ 2012లో ఇటలీ నుంచి బాక్స్‌వుడ్ మొక్కలు తెప్పించారు. వాటితో పాటు పురుగూ వచ్చింది. పక్కనే కాకసస్ కొండల్లో తరతరాలుగా పెరిగిన సహజ బాక్స్‌వుడ్ అడవులను కొద్ది ఏళ్లలోనే ఊడ్చేసింది. ఆ పురుగు 2018లో కెనడాకు, 2021లో అమెరికాకు చేరింది. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంటి ముందు పొద గోధుమరంగుకు తిరిగితే నీళ్లు తక్కువయ్యాయని ఊరుకోకుండా ఆకుల మధ్య సాలెగూడులాంటి దారాలు, ఆకుపచ్చ గొంగళి ఉన్నాయేమో చూడాలి.

సోచీ కథ విన్నాక మనకు కడియం గుర్తుకు రాకపోదు. కొబ్బరిని పీడించే సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో మొదట 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో కనిపించింది. ఆ ఏడాది చివరికే కడియం నర్సరీల్లో దాన్ని గుర్తించారు. అక్కణ్నుంచి కోనసీమ కొబ్బరి తోటల్లోకి దిగింది. ఆకుల అడుగున తెల్లటి మైనపు చుట్టలు, కింది ఆకుల మీద నల్లటి మసి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఆ దోమను తినే శిలీంధ్రాన్ని, దానిలో గుడ్లు పెట్టే చిన్న కందిరీగను పెంచి రైతులకు అందిస్తూ వస్తోంది. మొక్క లారీ ఎక్కితే దాని మీద ఉన్న జీవాలన్నీ ఎక్కుతాయి. పచ్చదనం అమ్మే ఊరికి ఇంతకంటే పెద్ద బాధ్యత మరొకటి లేదని నేను అనుకుంటాను.

డెల్టాకు సరిపడే పొదలు

చిన్న ఆకు, ఒత్తైన కొమ్మ, కత్తెర పడిన చోట మళ్లీ చిగురు వేసే గుణం, ఏడాది పొడుగునా పచ్చదనం. ఈ నాలుగూ ఉన్న మొక్క ఏదైనా బాక్స్‌వుడ్ చేసే పని చేస్తుంది. అలాంటివి మన దగ్గర తక్కువేం కాదు.

నా ఓటు మొదట కామినికి. కరివేపాకుకు దగ్గరి చుట్టం. ముదురాకుపచ్చ నిగనిగలాడే చిన్న ఆకులు, వాన పడిన రెండు మూడు వారాలకు తెల్లటి పూలు, సాయంత్రానికి వీధంతా వాసన. కంచెగా కత్తిరిస్తే ఛాతీ ఎత్తున గోడలా నిలుస్తుంది. ఒక్క హెచ్చరిక ఉంది. నిమ్మ, బత్తాయి చెట్లకు గ్రీనింగ్ తెగులు మోసుకొచ్చే సిల్లా పురుగుకు కామిని ఇష్టమైన ఆహారం. పెరట్లో నిమ్మచెట్టు ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఉమ్మడి పశ్చిమ గోదావరి మెట్టలో నిమ్మతోటల పక్కన ఇల్లు ఉన్నవాళ్లు కామిని కంచె వేయకపోవడమే మేలు. అమెరికాలో కరివేపాకు మొక్కను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తీసుకెళ్లడానికి ఆంక్షలు పెట్టింది కూడా ఈ పురుగు భయంతోనే.

చూపుకు బాక్స్‌వుడ్‌ను పోలినది కావాలంటే కార్మోనా ఉంది. నర్సరీల్లో ఫుకియన్ టీ అంటారు, బోన్సాయ్ కుండీల్లో ఎక్కువగా కనిపిస్తుంది. దక్షిణాది మెట్ట తుప్పల్లో తనంతట తాను పెరిగే మొక్కే. గోరు కంటే కాస్త పెద్ద ఆకు, చిన్న తెల్లపూలు. మెట్ట మొక్క కాబట్టి డెల్టాలో దాన్ని ఎత్తు మడి మీదే పెట్టాలి.

గోల్డెన్ డురాంటా గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. రోడ్డు డివైడర్ల మీద పసుపుపచ్చగా మెరిసేది అదే. తొందరగా పెరుగుతుంది, తొందరగానే అవతారం మారిపోతుంది. వానాకాలంలో నెలకోసారైనా కత్తెర పడకపోతే తుప్పగా తయారవుతుంది. దాని కాయలు విషం, పిల్లలున్న ఇళ్లలో కాయ పట్టనివ్వకూడదు. ఫైకస్ పాండా బంతి ఆకారాలకు బాగుంటుంది కానీ అది మర్రి కుటుంబం. ప్రహరీ గోడ పక్కన, డ్రైనేజీ గొట్టాల పక్కన నేలలో పెట్టకండి, కుండీకే పరిమితం చేయండి.

మన ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. పెరట్లో మొక్క అంటే దేవుడికి నాలుగు పూలు ఇవ్వాలి. పూలు పూయని పొదను ఏళ్ల తరబడి నీళ్లు పోసి పెంచడానికి చాలామంది ఆడవాళ్లకు మనసొప్పదు. వాళ్ల పక్షానే నేనూ. అలాంటి ఇంటికి పొట్టి నూరువరహాలు సరైనది. ఎరుపు, పసుపు, గులాబి రంగుల్లో దొరుకుతుంది, మోకాలి ఎత్తు అంచుకు సరిగ్గా సరిపోతుంది. పూల గుత్తి ఎండాక కొస తుంచితే చాలు, పొద ఒత్తుగా మారుతుంది. పొట్టి నందివర్ధనం కూడా అంతే. ఇక గోరింట కంచె మన తాతల కాలంనాటిది. చిన్న ఆకు, పాతబడిన కొమ్మకు ముల్లు, ఎండకు తట్టుకునే గుండె. ఆషాఢంలో ఎలాగూ ఆకు కోస్తారు కాబట్టి కత్తిరింపు దానంతట అదే జరిగిపోతుంది. పల్లెటూళ్లలో మేకల బెడద ఉంటే అడ్డసరం వేయండి. మేకలు దాన్ని ముట్టవు, ఆకు దగ్గు మందుకు పనికొస్తుంది.

కోనోకార్పస్ జోలికి మాత్రం వెళ్లొద్దు. కొన్నేళ్ల పాటు మన రాష్ట్రంలో లేఅవుట్ల ముందు, డివైడర్ల మీద అదే మొక్క. త్వరగా పెరుగుతుంది, ఎలా కత్తిరించినా ఒదుగుతుందని తెగ నాటారు. తర్వాత పుప్పొడి వల్ల శ్వాస ఇబ్బందులని, వేళ్లు పైపులను చీలుస్తున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడాన్ని నిషేధించింది. 2024 వనమహోత్సవంలో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కూడా ఆ మొక్కను నాటవద్దని కోరారు. ఊరంతా ఒకే మొక్క నాటితే చివరికి ఊరంతా ఒకేసారి పీకాల్సి వస్తుందని ఆ అనుభవం చూపించింది.

ఒక తల్లిమొక్క నుంచి వంద

ఇరవై అడుగుల కంచెకు అడుగున్నరకు ఒకటి చొప్పున వేసినా పద్నాలుగు మొక్కలు కావాలి. రెండు వరసల్లో అటూ ఇటూగా వేస్తే ముప్పై దాకా. అన్నీ కొనడం కంటే ఆరోగ్యమైన తల్లిమొక్క ఒకటి కొని, దాని కొమ్మల నుంచి మిగతావి పెంచుకోవడం మంచిది. ఖర్చు తగ్గుతుందన్నది ఒక కారణం. అన్నీ ఒకే తల్లి బిడ్డలు కావడంతో ఆకు రంగు, పెరుగుదల ఒకేలా ఉండి కంచె తీరుగా వస్తుందన్నది అంతకంటే పెద్ద కారణం.

దీనికి గోదావరి సీమలో దొరకని సరుకంటూ లేదు. ఏటి ఇసుక ఉంది. కోనసీమ కొబ్బరి పీచు తీయగా మిగిలే పొట్టు, కోకోపిట్ ఉంది. రెండూ సగం సగం కలపండి. పీచు పొట్టును ముందు రెండు మూడుసార్లు మంచినీళ్లలో కడిగి పిండాలి, లేకపోతే అందులోని ఉప్పు లేత వేళ్లను కాలుస్తుంది. వేళ్లు పట్టే దశలో ఎరువు అక్కర్లేదు. పశువుల పెంట కలిపారంటే కొమ్మ కుళ్లుతుంది.

కొమ్మ ఎంపికలోనే పనితనం ఉంది. చిగురు లేతది పనికిరాదు, వాడిపోతుంది. బూడిదరంగు ముదురు కర్ర కూడా వద్దు, వేరు వేయడానికి నెలలు పడుతుంది. ఆ ఏడాది పెరిగిన కొమ్మలో, వంచితే కాస్త వంగి ఆ తర్వాత టక్కున విరిగేంత బిగువు వచ్చిన భాగం కావాలి. ఒక్క గోరింటకే ముదురు కొమ్మ అయినా నడుస్తుంది. పొద్దున్నే, ఎండ ఎక్కకముందు కోయాలి. జానెడు కంటే కాస్త తక్కువ పొడుగు, నాలుగైదు కణుపులు ఉంటే చాలు. కింది కోత కణుపుకు సరిగ్గా దిగువన పడాలి, ఎందుకంటే వేరు పుట్టేది అక్కడే. కింది సగం ఆకులు తీసేయండి, పైన రెండు మూడు జతలు ఉంచండి. పువ్వో మొగ్గో ఉంటే తుంచేయండి, లేకపోతే కొమ్మలో ఉన్న శక్తంతా దానికే పోతుంది.

కోసిన చివరను నీళ్లలో ముంచి విదిలించి, వేరు హార్మోను పొడిలో అద్దాలి. ఐబీఏ అనే మందు ఉన్న పొడి ఏ విత్తనాల కొట్లో అడిగినా దొరుకుతుంది. చిటికెడు చాలు, ఎక్కువైతే చివర నల్లబడుతుంది. డురాంటా, గోరింట కొమ్మలకు ఈ పొడి లేకపోయినా ఫరవాలేదు. కామినికి తప్పనిసరి. పుల్లతో ముందు గుంత చేసి, కొమ్మ అందులో దించి, చుట్టూ వేళ్లతో అదమండి. నేరుగా గుచ్చితే పొడి పైనే తుడుచుకుపోతుంది.

తర్వాత కావాల్సింది గాలిలో చెమ్మ. ఆకు నీటిని పోగొట్టుకుంటూనే ఉంటుంది, తాగడానికి ఇంకా వేరు లేదు. అందుకే నర్సరీల్లో షేడ్‌నెట్ కింద పాలిథిన్ గుడారం కట్టి తుంపర కొడతారు. ఇంట్లోనైతే సగానికి కోసిన పెద్ద నీళ్ల సీసా బోర్లిస్తే సరిపోతుంది. రోజుకోసారి తీసి గాలి తగలనివ్వాలి. డురాంటా మూడు నాలుగు వారాల్లో వేళ్లు పట్టేస్తుంది. నూరువరహాలు, కార్మోనా నెల దాటి తీసుకుంటాయి. కామినికి రెండు మూడు నెలలు. చిగురు వచ్చినంత మాత్రాన వేరు వచ్చినట్టు కాదు. కొమ్మలో దాచుకున్న ఆహారంతోనూ చిగురు వేస్తుంది. మెల్లగా లాగితే బిగువుగా పట్టుకున్నప్పుడే కవర్‌లోకి మార్చండి. అప్పుడు ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపి, పది రోజులు నీడలో, పది రోజులు పొద్దుటెండలో ఉంచి, ఆ తర్వాతే నేలలోకి దించాలి.

కొమ్మలతో కుస్తీ ఎందుకనుకునేవాళ్లకు కామినిలో మరో దారి ఉంది. ఎర్రగా పండిన కాయల గింజలను గుజ్జు కడిగి వెంటనే నాటితే బాగా మొలుస్తాయి. ఎండబెట్టి దాచితే మొలక శక్తి పోతుంది. గింజ మొక్కలు పూతకు రావడం ఆలస్యం, ఆకు సైజులోనూ కాస్త తేడాలుంటాయి. పెద్ద కంచెకు అది దోషమేమీ కాదు.

బాక్స్‌వుడ్‌కు కూడా పద్ధతి ఇదే, అదను మాత్రం వేరు. అమెరికాలో, ఇంగ్లండులో ఉన్నవాళ్లు జులై, ఆగస్టుల్లో, ఆ ఏడాది చిగురు ముదురుతున్నప్పుడు నాలుగైదు అంగుళాల కొమ్మలు తీసుకోవాలి. రెండు మూడు నెలలకు వేళ్లు వస్తాయి, మొదటి చలికాలం మంచుకు బయట పెట్టకూడదు. తెగులు ఉన్న పొద నుంచి కొమ్మ తీస్తే తెగులుకే నారు పోసినట్టు.

కత్తెర ఎప్పుడు, ఎలా

నాటిన మొదటి ఏడాది చాలామందికి కత్తిరించడానికి చెయ్యి రాదు. ఎంత కష్టపడి పెంచాం, ఎలా కోస్తాం అంటారు. కొమ్మ కొసన ఉన్న మొగ్గ ఒక హార్మోను పంపి పక్క మొగ్గలను నిద్రపుచ్చుతుంది. కొస తీస్తేనే అవి లేస్తాయి. మొక్క అడుగు ఎత్తు వచ్చిందంటే సగానికి తుంచండి. మళ్లీ జానెడు పెరిగాక అందులో సగం. ఇలా నెమ్మదిగా ఎత్తుకు రానిస్తే కింద నుంచి పై దాకా కొమ్మ నిండుతుంది. మొదట ఎత్తు పెరగనిచ్చి తర్వాత పక్కలు నింపుదామనుకుంటే కింద బోడిగానే మిగులుతుంది.

కంచె కింది భాగం వెడల్పుగా, పైభాగం కాస్త సన్నగా ఉండాలి. అప్పుడే కింది ఆకుకు ఎండ తగులుతుంది. పైన వెడల్పైతే ఆ నీడకు కింద ఎండిపోతుంది. రోహిణి ఎండల్లో గట్టిగా కత్తిరించకండి. లోపల నీడలో ఉన్న లేత ఆకు ఒక్కసారిగా బయటపడి మాడుతుంది. ముసురు రోజుల్లోనూ వద్దు, తడి గాయంలోంచి తెగులు దూరుతుంది. ఒక పొద నుంచి మరో పొదకు వెళ్లేటప్పుడు కత్తెర బ్లేడును స్పిరిట్‌తో తుడవండి. డెల్టా నేలలో ఏ కంచె వేసినా ముందు జానెడు ఎత్తు గట్టు పోసి దాని మీద నాటండి. సముద్రం పక్కన, చేపల చెరువుల పక్కన ఉప్పు నీరు ఊరే ఊళ్లలో కుండీలే నయం.

వేమగిరిలోనే భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన పూల పరిశోధన కేంద్రం ఉంది. వెంకటరామన్నగూడెంలో 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఇన్ని ఉన్నచోట మొక్కలు కొనే మనం కూడా అడగడం నేర్చుకోవాలి. ఈ మొక్క ఇక్కడే పెంచారా, ఎక్కడి నుంచో తెచ్చారా అని అడగండి. ఆకు తిప్పి అడుగున చూడండి. కవర్ అడుగు నుంచి వేళ్లు చుట్టలు చుట్టుకుని బయటికొస్తే ఆ మొక్క వదిలేయండి. ఇంటికి తెచ్చినదాన్ని పాత మొక్కల పక్కన వెంటనే పెట్టకుండా రెండు వారాలు విడిగా ఉంచండి. ఒక్కో వరస ఒకే తల్లి బిడ్డలతో తీరుగా వేసినా, ఇంటి చుట్టూ కంచె అంతా ఒకే రకం కాకుండా రెండు మూడు రకాలు ఉండనివ్వండి. ఒకదానికి తెగులు వచ్చినా రెండోది నిలుస్తుంది.

డెల్టాలో కొమ్మలు పెట్టడానికి ఆరుద్ర కార్తె నుంచి సెప్టెంబరు దాకా మంచి అదను. కత్తిరించిన కొమ్మలను ఈసారి చెత్తలో పారేయకండి. నాలుగు మీరు నాటుకుని, నాలుగు పక్కింటివాళ్లకు ఇవ్వండి.